సోమరి యనుటకు ముందు

(కోడంబాక్కమున జరిగిన మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము, శాస్త్రజ్ఞులమును కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, తండ్రిగారి బియ్యపు కొట్టులో తక్కెడ ముందు కూర్చున్నవారము. ఐనను మెదడును గూర్చి మాటాడుటకు ఈ దినమున మీ యెదుట నిలిచితిమి. ఏలయనగా మన కార్యవర్గము ముందు ఇప్పుడొక ప్రతిపాదన కలదు. సంఘ ధర్మనిధి నుండి రుసుము చెల్లించి మనము కంప్యూటరు తరగతికిని, కుట్టుపని తరగతికిని పంపిన యువజనులలో కొందరు మూడు నెలలుగా తరగతికి పోవుట లేదు. అట్టివారికి సాయము నిలిపివేసి, వారి పేర్లను జాబితా నుండి కొట్టివేయవలెనని ఆ ప్రతిపాదన. అందుకు చూపిన కారణము ఒకే యొక మాట: "సోమరులు". వచ్చు ఆదివారమున దీనిపై వోటు జరుగును.

వోటు వేయుటకు పూర్వము ఆ ఒక్క మాటను తక్కెడలో పెట్టి తూచి చూడవలెనని మా కోరిక. ధర్మనిధి సొమ్ము మనలో ప్రతివారి కష్టార్జితము. దానిని నీళ్ళవలె పోయుడని మేము చెప్పబోము. కాని జాబితాలో ఒక పేరు మీద గీత గీయుటకు నిమిషము చాలును. ఆ గీత ఒక కుర్రవాని బ్రదుకులో చేయు పని యేండ్లతరబడి నిలుచును.

మన భాషలో ఇట్టివారిని గూర్చి చెప్పు మాటలకు కొదువ లేదు. నిమ్మకు నీరెత్తినట్లున్నాడందుము. బెల్లము కొట్టిన రాయివలె కూర్చున్నాడందుము. దిగులు పట్టినదందుము, మనసు బాగులేదందుము. వీనిలో మొదటివి పూనిక లేనివానిని గూర్చినవి. తరువాతివి ఉల్లాసము లేనివానిని గూర్చినవి. మాటలు వేరుగానే యున్నవి. తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము లోకము వారినందరిని ఒకే ఖాతాలో వ్రాసి, దానికి సోమరి ఖాతా యని పేరు పెట్టును. కందిపప్పు పద్దును నూనె ఖాతాలో వ్రాయు గుమాస్తాను మన అంగళ్ళలో ఎన్నాళ్ళుంచుకొందుము?

ఈ రెండు ఖాతాలను వేరు చేయవలెనని వైద్య శాస్త్రమును చెప్పుచున్నది. అమెరికా దేశపు మానసిక వైద్యులు రాబర్టు మారిన్‌గారు 1990 ప్రాంతమున, పూనిక లేకుండుట దిగులులో ఒక భాగము మాత్రమే కాదనియు, దిగులు లేనివారియందును అది విడిగా కనబడుననియు వాదించి, దానిని కొలుచుటకు 1991లో ఒక ప్రశ్నల పట్టికను ప్రకటించిరి. పిదప 2017లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు మరియొక పట్టికను సిద్ధపరచి, పూనిక లేమియందును మూడు తెరగులు కలవని చూపిరి. పని మొదలుపెట్టుటకు పూనుకొనకుండుట ఒకటి. నలుగురితో కలియుటకు పూనుకొనకుండుట రెండవది. ఇతరుల సుఖదుఃఖములకు మనసు కదలకుండుట మూడవది. ఒకదానియందు వెనుకబడినవాడు మిగిలినవానియందు వెనుకబడవలెనని లేదు. తరగతికి పోనివాడు స్నేహితుని ఇంటి పెండ్లిలో పందిరి వేయుటకు అందరికంటె ముందు నిలుచుటను మనము చూడలేదా?

ఇక మెదడు సంగతికి వత్తము. పెరిగిన మనుష్యుని మెదడు బరువు సుమారు 1,300 మొదలు 1,400 గ్రాములు. అది శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే. కాని శరీరము విశ్రాంతిగా నున్నప్పుడు వ్యయమగు శక్తిలో నూటికి ఇరువది పాళ్ళు దానికే చెల్లును. ఈ శక్తి శరీర కణములకు అందు విధమును తెలిసికొనుటలో ఒక తెలుగువాని చేయి కలదు. 1895లో భీమవరమున జన్మించి, ఈ మద్రాసు వైద్య కళాశాలలోనే చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కుగారితో కలిసి, ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లో వెల్లడించిరి. కణములు తమ పనులకు వెచ్చించు నాణెమువంటిదగు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో కనుగొన్నవారిలోను ఆయన ఒకరు. మనము తలపెట్టు ప్రతి పనికిని మెదడు ఆ నాణెమునే ఖర్చు పెట్టును. ఇంత ఖర్చుగల సంసారము ప్రతి శ్రమకును లాభనష్టములు చూచుకొనుటలో వింత యేమున్నది?

ఈ మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. కణములు గుమిగూడిన చోటు బూడిదవన్నెగా నుండును. వానిని కలుపు నాడీతంతువుల కట్టలు తెల్లగా నుండును. బూడిదవన్నె భాగములను అంగళ్ళనుకొందము. తెల్లని భాగములను అంగళ్ళను కలుపు వీధులనుకొందము. అంగడి యెంత నిండుగానున్నను, వీధి గుంతలమయమైనచో సరకు చేరదు. ఈ పోలికను దయచేసి గుర్తుంచుకొనుడు. మరల దీని పని పడును.

పూనికకును ఉల్లాసమునకును సంబంధించిన భాగములలో మూడింటిని మాత్రము చెప్పెదము. మెదడు లోతున స్ట్రయేటము అను భాగము కలదు. ఒక పనివలన కలుగబోవు లాభమెంతయో అంచనా కట్టుటలో దాని క్రింది భాగము ముఖ్యమైనది. మెదడు రెండు అర్ధభాగముల నడుమ, లోపలి వైపున, వడ్డాణమువలె వంగిన పట్టీ యొకటి కలదు. దానిని సింగ్యులేట్ అందురు. దీని ముందరి కొన యందు పైభాగము శ్రమను తూచి, సంకల్పమును కదలికగా మార్చు భాగములకు వార్త పంపును. అదే పట్టీ క్రిందుగా వంగిన చోటు దుఃఖముతో సంబంధము కలది. 1999లో హెలెన్ మేబర్గుగారును, ఆమె తోడివారును ఆరోగ్యవంతులను కొందరిని తమ జీవితములోని దుఃఖ సంఘటనలను తలచుకొనుడని కోరి, వారి మెదడులో రక్తప్రవాహమును పరీక్షించిరి. ఆ క్రింది చోట రక్తప్రవాహము హెచ్చెను. నుదుటి వెనుకనున్న కొన్ని భాగములలో తగ్గెను. దిగులు వ్యాధినుండి కోలుకొన్నవారిలో దీనికి విరుద్ధముగా జరిగెను. మూడవది అమిగ్డలా, బాదంగింజ ఆకారమున నుండి, భయము మొదలగు భావములలో పాల్గొనును. దాని ప్రక్కనే జ్ఞాపకములకు ఆధారమగు హిప్పోక్యాంపస్ కలదు.

చూచితిరా, పూనికకును దిగులునకును అంగళ్ళు వేరు. ఐనను ఒకే వీధిలో నున్నవి. అందుచేతనే ఒకటి చెడినప్పుడు రెండవది చెడకుండ నుండవచ్చును. ఒకదాని పొగ రెండవదానిలో దూరనువచ్చును.

ఈ అంగళ్ళ నడుమ వార్తలు మోయు రసాయనములు అనేకములు. పూనిక విషయమున ముఖ్యమైనది డోపమీను. దాని చరిత్రలో మన నేలపై మొలచు రెండు మొక్కలు కలవు. చేలగట్ల మీద పాకి, కాయల నూగు తగిలిన ఒళ్ళంతయు దురద పెట్టు దూలగొండిని ఎరుగని పల్లెవాడుండడు. ఆ దూలగొండి గింజలనుండి ఎల్-డోపా అను పదార్థమును 1937లో మన మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందిన దామోదరన్, రామస్వామి గార్లు వేరుచేసి ప్రకటించిరి. రెండవది సర్పగంధి. బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీల్‌గారు అది రక్తపు పోటును తగ్గించునని 1949లో ఇంగ్లండు వైద్య పత్రికలో వ్రాసినపిమ్మట లోకము దానివైపు చూచినది. 1952లో స్విట్జర్లాండు రసాయన శాస్త్రజ్ఞులు దానినుండి రెసర్పీను అను మందును తీసిరి. ఆ మందు పుచ్చుకొన్నవారిలో కొందరికి దిగులు పట్టుటయు గమనింపబడినది.

1957లో స్వీడను దేశమున ఆర్విడ్ కార్ల్‌సన్‌గారు కుందేళ్ళకు రెసర్పీను నిచ్చిరి. అవి చెవులు వాల్చి, కదలక మెదలక పడియుండెను. పిదప ఎల్-డోపా నిచ్చిరి. కొలది నిమిషములలోనే అవి లేచి తిరుగసాగెను. మెదడు ఎల్-డోపానుండి డోపమీనును తయారుచేసికొనును. ఈ పరిశోధనల పరంపరకే ఆయనకు 2000లో నోబెల్ బహుమానము లభించినది. ఇది విని దూలగొండి పొడిని కొని తినవలదు. అది వైద్యుని పర్యవేక్షణ లేక ముట్టదగిన వస్తువు కాదు. మేము చెప్పవచ్చినది వేరు. కదలని ఆ కుందేళ్ళను సోమరి కుందేళ్ళనుట న్యాయమగునా?

డోపమీను ఆనందమునిచ్చునని పత్రికలలో తరచు వ్రాయుచుందురు. అది పూర్తిగా నిజము కాదు. 1954లో కెనడా దేశపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ఓల్డ్స్, మిల్నర్ గార్లు ఎలుకల మెదడులో ఒకానొక చోట సన్నని తీగె నమర్చి, మీట నొక్కినప్పుడెల్ల స్వల్ప విద్యుత్తు తగులునట్లు చేయగా, ఎలుకలు ఆ మీటను మరల మరల నొక్కెను. అదియే ఆనంద స్థానమని లోకము భావించెను. కాని తరువాత మిషిగన్ విశ్వవిద్యాలయమున కెంట్ బెరిడ్జ్‌గారు మరియొక సంగతిని కనుగొనిరి. డోపమీను హరించిన ఎలుక నోట చక్కెర నీరు వేసినచో, అది మునుపటివలెనే రుచిని ఆస్వాదించు చిహ్నములు చూపును. కాని తానై కదలి ఆహారము కొరకు పోదు. ఇష్టపడుట వేరు, దానికై బయలుదేరుట వేరు అని దీని తాత్పర్యము. 1990 తరువాతి సంవత్సరములలో జాన్ సలమోన్‌గారి పరీక్షలు దీనికి తోడైనవి. ఎలుకకు ఒకవైపున కొంచెము ఆహారము ఊరక దొరకును. రెండవవైపున గోడ యెక్కినచో ఎక్కువ దొరకును. మామూలు ఎలుక గోడ యెక్కును. స్ట్రయేటమునందలి డోపమీను తగ్గిన ఎలుక కొంచెముతో తృప్తిపడును. దానికి ఆకలి లేక కాదు, ఎక్కువ ఆహారమన్న ఇష్టము లేక కాదు. గోడ దానికి మరింత ఎత్తుగా తోచినదని చెప్పవచ్చును.

ఎలుకల మాట యెందులకు, మనుష్యుల మాట చెప్పుడని మీరడుగుదురు. మన విషయమునకు మిక్కిలి దగ్గరైన పరీక్ష 2015లో ఆక్స్‌ఫర్డునుండి వెలువడినది. మసూద్ హుసేన్‌గారును, ఆయన తోడివారును ఏ వ్యాధియు లేని నలుబదిమందిని పిలిచి, వారిలో ఎవరి పూనిక యెంతయో పట్టికతో కొలిచిరి. పిదప వారినొక ఆట ఆడించిరి. ఒక్కొక్క బేరమున ఇంత శ్రమ పడినచో ఇంత ప్రతిఫలమని చూపుదురు. ఒప్పుకొనుటయు మానుటయు వారి యిష్టము. ఆడుచుండగా ఎం.ఆర్.ఐ. యంత్రముతో మెదడును చిత్రించిరి. పూనిక తక్కువవారు కష్టమైన బేరములను ఎక్కువగా మానుకొనిరి. ఇది ఎవరైనను ఊహింపగలరు. ఊహింపరానిది తరువాత కనబడినది. వారు ఒక బేరమును ఒప్పుకొన్నప్పుడు, కదలికను సిద్ధపరచు మెదడు భాగము పూనికగలవారి మెదడు కంటె ఎక్కువగా పనిచేసెను, తక్కువగా కాదు. కారణము వెదుకగా, సింగ్యులేట్ పట్టీ ముందరి భాగమునకును, కదలికను సిద్ధపరచు భాగమునకును నడుమనున్న తెల్లని తంతువుల కూర్పు వారిలో అంత చక్కగా లేదని తేలెను.

ఇప్పుడు మన వీధుల పోలికను తలచుకొనుడు. అంగడిలో సరకున్నది, కొనుగోలుదారుడును ఉన్నాడు, నడుమ వీధి గుంతలుగా నున్నది. ఆ వీధిలో బండి తోలువాడు అందరికంటె ఎక్కువ చెమట కార్చును. చేరుట మాత్రము ఆలస్యము. బయటినుండి చూచువాడు వాడు బద్ధకస్తుడనును. అట్టివానిని ఇంకను గట్టిగా అదలించుట వీధిని బాగుచేయదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మెదడు నిర్మాణమని చెప్పగానే కొందరు తల పరిమాణమును గూర్చి ఆలోచింతురు. హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు నూరుగురు ఆరోగ్యవంతులైన యువతీయువకుల చిత్రముల ఆధారముగా భారతీయుల మెదడు పటమును 2019లో తయారుచేసిరి. అందు భారతీయుల మెదడు సగటున పాశ్చాత్యుల మెదడు కంటెను, చీనా, కొరియా వారి మెదడు కంటెను పొడవు, వెడల్పు, ఘనపరిమాణములలో కొంచెము చిన్నదని తేలినది. అందుచేత మనకు తెలివియో పూనికయో తక్కువని అర్థము కాదు. పాశ్చాత్యుల పటముతో మన మెదడును పోల్చినచో ఆరోగ్యముగానున్న మెదడును కుంచించినదని వైద్యుడు పొరబడవచ్చునని, మన పటము మనకుండవలెనని, వారీ పని చేసిరి. ఊరికొక తూనికరాయి చొప్పున వాడిన కాలమున వ్యాపారులు పడిన చిక్కులను పెద్దలు చెప్పగా విన్నవారికి ఈ సంగతి తేలికగా బోధపడును. మన ఊరి ఐ.ఐ.టి. వారును గర్భస్థ శిశువుల మెదడును పలుచని పొరలుగా చిత్రించి, 5,132 చిత్రములను ధరణి అను పేర 2024లో లోకమునకు ఉచితముగా అందించిరి. మెదడు పటములను గీయుపని ఇప్పటికిని సాగుచునే యున్నది.

అంతియగాక, మెదడు భాగముల పరిమాణమునకును, మనుష్యుని స్వభావమునకును గల సంబంధము లోకులు తలంచునంత బలమైనది కాదు. దిగులు వ్యాధిగల 1,728 మందిని, ఆ వ్యాధి లేని 7,199 మందిని పోల్చి 2015లో ప్రకటించిన మహా పరిశీలనలో, వ్యాధిగ్రస్తుల హిప్పోక్యాంపస్ సగటున చిన్నదని తేలినది. కాని ఆ తేడా బహు స్వల్పము. సుమారు ఏబదివేలమంది చిత్రములను పరిశీలించి 2022లో నేచర్ పత్రికలో ప్రకటించిన మరియొక వ్యాసము, ఇట్టి సంబంధములు చాల చిన్నవగుటచే వేలకొలది మనుష్యులను పరిశీలించినగాని నమ్మదగిన ఫలితము రాదని హెచ్చరించినది. ఆక్స్‌ఫర్డు పరీక్షయందు నలుబదిమందియే కలరని మేము మరువలేదు. అది దారి చూపు దీపము మాత్రమే, తీర్పు కాదు. ఒక కుర్రవాని మెదడు చిత్రమును చూచి వీడు సోమరి, వీడు పనిమంతుడు అని చెప్పగల వైద్యుడు లోకమున లేడు. వైద్యుడే చెప్పలేనిదానిని హాజరు పట్టికను మాత్రమే చూచి మనమెట్లు చెప్పగలము?

ఇక తలవ్రాత మాట. తలలో ఎట్లు వ్రాసియున్నదో అట్లే జరుగునని మనవారందురు. కాని తలలోని వ్రాత కొంత మనము వ్రాసికొనునదియే. లండనులో టాక్సీ తోలువారు సుమారు 25,000 వీధులను కంఠస్థము చేసి పరీక్షలో నెగ్గవలెను. వారి హిప్పోక్యాంపస్ వెనుకభాగము ఇతరులకంటె పెద్దదని ఎలినార్ మెగ్వైర్‌గారు 2000లో చూపిరి. పెద్దదగుటచే వారా వృత్తిలో చేరిరా, వృత్తివలన పెద్దదయ్యెనా యను సందేహమునకు 2011లో సమాధానము దొరికినది. శిక్షణకు ముందు అభ్యర్థులలో తేడా లేదు. కొన్ని సంవత్సరముల పిదప, నేర్చి నెగ్గినవారిలోనే ఆ భాగము పెరిగినది. అదే సంవత్సరమున అమెరికాలో 120 మంది వృద్ధులపై జరిగిన పరీక్షలో, ఏడాదిపాటు వారమునకు మూడు దినములు చురుకుగా నడచినవారి హిప్పోక్యాంపస్ నూటికి రెండు పాళ్ళు పెరిగెనని ప్రకటించిరి. ఒళ్ళు సాగదీయు వ్యాయామము మాత్రము చేసినవారిలో అది తగ్గినది. పెరిగినవారి మెదడును సాధనకు లోబడును.

ఈ జ్ఞానమంతయు మన కోడంబాక్కమున కేమి పనికివచ్చును? ఈ పేట, వడపళని, సాలిగ్రామము ఒకప్పుడు తెలుగు చలనచిత్రములకు నిలయములు. ఆ నిర్మాణము క్రమముగా హైదరాబాదునకు తరలిపోయినది. విజయా, వాహినీ స్టూడియోలు వెలసిన నేలమీద నేడు వైద్యశాలయు, వర్తక సముదాయమును నిలిచియున్నవి. చిత్రములతోపాటు అందరును తరలిపోలేదు. దీపములు పట్టినవారు, దుస్తులు కుట్టినవారు, వంటలు వండినవారు పెక్కుమంది ఇక్కడనే నిలిచిరి. తెల్లవారుజామున కంపెనీ వ్యాను వచ్చి వీధి మొగనుండి వారిని ఎక్కించుకొని పోయెడిది. సంకల్పమునకును కదలికకును నడుమ ఆ వ్యానే వీధి. వ్యాను రాకపోయిన పిమ్మట కొందరు ఇంటి అరుగు దిగుట మానిరి. వారిలో అందరును దుఃఖించుచున్నవారు కారు. పలుకరించినచో నవ్వుచు పాత కథలు చెప్పుదురు. కొందరు మాత్రము నిజముగా దిగులునకు లోనైరి. అరుగు ఒకటే, ఖాతాలు రెండు.

యువజనుల సంగతియు అట్టిదే. నెల్లూరు, చిత్తూరు, ప్రకాశము జిల్లాలనుండి క్రొత్తగా వచ్చిన కుటుంబముల పిల్లవానికి ఇంట తెలుగు, వీధిలో తమిళము, కంప్యూటరు ముందు ఇంగ్లీషు. తోటివానికి ఒక గోడయైనచో వానికి మూడు గోడలు. ప్రతిఫలమో, ఏడాది తరువాత దొరకునో దొరకదో తెలియని ఉద్యోగము. దూరముననున్న లాభము మనసు తక్కెడలో తేలికగా తూగునని మనకు శాస్త్రము చెప్పనక్కరలేదు. అరువు బేరములు చేసిన ప్రతి వ్యాపారియు ఎరుగును.

కొందరు పెద్దలు మమ్మిట్లు ప్రశ్నించిరి: మెదడు పేరు చెప్పి ప్రతి సోమరియు తప్పించుకొనడా? న్యాయమైన ప్రశ్నయే. కారణము తెలిసికొనుట వేరు, బాధ్యత తీసివేయుట వేరు. తక్కెడ ఒకవైపు వాలినప్పుడు మనము సరకును తిట్టము. తక్కెడను సరిచేసి మరల తూచెదము. సరిచేసిన పిమ్మట తూగనిదానిని తూగలేదనియే చెప్పెదము. కావున మేము ప్రతిపాదనను త్రోసివేయుడని కోరుట లేదు. ఈ క్రింది సవరణను చేర్చుడని కోరుచున్నాము.

పేరు కొట్టివేయుటకు ముందు కార్యవర్గ సభ్యులిద్దరు ఆ యింటికి పోయి, కూర్చుండి, తెలుగులో మూడు ప్రశ్నలడుగవలెను. మొదటిది: నీకా పని నేర్చుకొనవలెనని ఇప్పటికిని కలదా? రెండవది: మునుపు సంతోషము కలిగించినవి ఇప్పుడును సంతోషము కలిగించుచున్నవా, నిద్రయు ఆకలియు సరిగానున్నవా? మూడవది: తరగతికి పోవు దారిలో అడ్డమేమి? అడ్డము రాత్రి ఉద్యోగమో, బస్సు ఛార్జీయో, ఇంట వ్యాధిగ్రస్తులో కావచ్చును. అప్పుడు మెదడును నిందింప పనిలేదు.

పని యిష్టమేకాని మొదలుపెట్టలేకున్నాననువానికి మొదటి మెట్టును తగ్గింతము. రెండు వారములపాటు ఆ తరగతికే పోవు మరియొక తెలుగు పిల్లవాడు పోవుచు వానిని ఇంటినుండి వెంటబెట్టుకొని పోవలెను. బస్సు ఛార్జీని నెల చివర కాక, హాజరైన వారమునకు ఆ వారమే శనివారమున చేతికీయవలెను. ఖర్చు హెచ్చదు, ప్రతిఫలము మాత్రము దగ్గరకు వచ్చును. అరుగు దిగని పెద్దల కొరకు ప్రతి ఉదయము ఆరు గంటలకు మనలో ఒకరు వారి వాకిట నిలిచి పిలువవలెను. నలుగురు కలిసి నడుతురు. వ్యాను రాకున్నను పిలుపు వచ్చును.

రెండవ ప్రశ్నకు చెడ్డ జవాబు వచ్చినచో, అనగా రెండు వారములకు మించి దిగులు వీడక, ఏదియు రుచింపక, నిద్రయు ఆకలియు చెడినచో, అది బుద్ధులు చెప్పు సమయము కాదు. వైద్యుని కడకు తీసికొనిపోవు సమయము. ప్రాణము తీసికొందునను మాట నోట వచ్చినచో ఒక్క దినమును ఆగరాదు. కీల్పాక్కమున 1794లో స్థాపించిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ కలదు. ఆ పేట పేరును ఎగతాళి మాటగా వాడు అలవాటును మన పిల్లలు మానవలెను. అచ్చటికి పోవుట కంటి వైద్యశాలకు పోవుటవంటిదే. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యతో ఉచితముగా ఫోను చేయవచ్చును. అందు తెలుగులో మాటాడువారును కలరు. ఆకలిని ఏ భాషలో చెప్పినను అన్నము దొరకును. దిగులును మాత్రము తల్లిభాషలోనే పూర్తిగా చెప్పుకొనగలము. మన సంఘము పుట్టినదే తెలుగువానికి తన భాషలో చెప్పుకొనుటకు ఒక చోటుండవలెనని గదా!

ఇవన్నియు చేసిన తరువాతను, నాకీ చదువు వలదు అని స్పష్టముగా చెప్పినవాని పేరును కొట్టివేయుదము. ఆ స్థానమును వేరొకరికిచ్చుట ధర్మమే. అప్పుడు కొట్టివేయు చేయి వణకదు. కొట్టివేయబడినవాడును మన గుమ్మము తొక్కుటకు సిగ్గుపడడు.

సవరణ ప్రతి కార్యదర్శిగారి యొద్ద కలదు. ఇండ్లకు పోయి పలుకరించుటకు ఎనిమిదిమంది కావలెను. కాగితము మీద మొదటి పేరుగా మా పేరు వ్రాసితిమి. మిగిలిన ఏడుగురును శనివారము లోపల తమ పేర్లు చేర్చవలెనని మనవి.